మెస్ కార్డు మీది పేరు

పద్నాలుగో భాగం

కిందటి వారం సారలమ్మను జైలు గేటు బయట వదిలి వచ్చాం. ఆమె చేతిలో కొడుకు మాత్రల పొట్లం ఉంది. కిటికీ వెనక నుంచి వచ్చిన జవాబు మాత్రం ఒక్కటే: కుమార్ అనే విద్యార్థి ఈ జైల్లో లేడు. యూనివర్సిటీ హాస్టల్లోకి పోలీసులు వచ్చి ఇరవై ముగ్గురిని పట్టుకుపోయి అప్పటికి ఎనిమిది రోజులు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆ తల్లి మూడు స్టేషన్లు, రెండు ఆసుపత్రులు తిరిగింది. చివరికి క్యాంపస్ డిస్పెన్సరీలో పనిచేసే నర్సు కమలాదేవి ఆమెను తార్నాకలోని తన ఇంటికి తీసుకువచ్చింది. ఆ మాత్రలు మూర్ఛ రాకుండా వాడేవని, ఒక్క పూట కూడా మానకూడదని క్యాంపస్‌లో తెలిసిన మనిషి కమలాదేవి ఒక్కతే.

శుక్రవారం తెల్లవారింది. ప్రత్యేక రాష్ట్రం గురించి డిసెంబరు ప్రకటన వచ్చి రెండు నెలలు దాటినా తార్నాక చౌరస్తాలో పోలీసు వ్యాన్లు కదల్లేదు. కమలాదేవి నిద్ర లేచేసరికి వాకిలి ఊడ్చి ఉంది. సారలమ్మ చీపురు గోడకు ఆనించి, ముఖం కడుక్కుంటోంది.

"ఏంటి సారలమ్మా, చుట్టంగా వచ్చి ఈ పనేంటి?"

"చేతులు ఊకుంటలేవమ్మా. ఊకుంటే పిచ్చి లేస్తున్నది."

పక్కింటి శ్యామలాంబ గోడ మీదుగా పెరుగు గిన్నె అందించింది. నెల రోజులుగా ఆమెకు క్యాంపస్ పిల్లల పేరెత్తితే మంట. బందుల వల్ల మనవరాలి పరీక్షలు రెండుసార్లు వాయిదా పడ్డాయి. "మీ ఇంట్లో ఉన్నావిడకే. రాత్రి కూడా ఏమీ తిన్నట్టు లేదు," అని, ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఎనిమిది గంటలకు గేటు గొళ్ళెం చప్పుడైంది. ముఖానికి చేతిరుమాలు కట్టుకున్న యువకుడు లోపలికి వచ్చి, గేటు వేసి, ఒకసారి వీధి వైపు చూసి రుమాలు విప్పాడు. కమలాదేవి చేతిలో పాలగిన్నె ఒలికింది.

"రాజలింగం! నీకు బెయిలెప్పుడు వచ్చింది?"

"బెయిలేంది సిస్టర్? నేను లోపటికే పోలే."

"అదేంటి? నువ్వు జైల్లో ఉన్నావు కదా! జైలు వాళ్ళు నీ గురించి మా డిస్పెన్సరీకి ఉత్తరం కూడా రాశారే!"

రాజలింగం ఎమ్మే రెండో సంవత్సరం. ఆ పిల్లవాడికి రెండుసార్లు జ్వరం మందు, ఒకసారి కాలికి కుట్లు ఆమె చేతి మీదుగానే అయ్యాయి. ఎప్పుడూ నవ్వు ముఖంతో వచ్చేవాడు. ఇప్పుడు వారం రోజులుగా నిద్రలేనట్టు ఉన్నాడు. ఉత్తరం మాట వినగానే మెట్టు మీద కూలబడ్డాడు.

"మల్కాజ్‌గిరిల మా అక్క ఇంట్ల దాక్కున్న. నిన్న దోస్తు ఒకడు చెప్పిండు, కుమార్‌గాని అమ్మ మీ ఇంట్ల ఉన్నదని. చెప్పకుంటే నాకు అన్నం దిగేటట్టు లేదు." అతను సారలమ్మ వైపు తిరిగాడు. "చిన్నమ్మా, మీ కుమార్ జైల్లనే ఉన్నడు. నా పేరు మీద ఉన్నడు."

సారలమ్మకు ముందు ఒక్క సంగతే అర్థమైంది. కొడుకు బతికి ఉన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండు చేతులూ పైకెత్తి ఎవరికో మొక్కింది. కమలాదేవి మాత్రం 'నా పేరు మీద' అన్న మాట దగ్గరే ఆగిపోయింది.

"నీ పేరు మీద అంటే?"

"కుమార్‌కు హాస్టల్ రాలే సిస్టర్. రెండేండ్ల సంది నా రూముల నాన్ బోర్డర్."

క్యాంపస్‌లో ఆ మాట తెలియనివారు ఉండరు. గది ఒకరికి ఇస్తారు, ముగ్గురు పడుకుంటారు. సీటు దొరకని స్నేహితుడు నేల మీద చాప పరుచుకుంటాడు. ఒక్క మెస్ కార్డు మీద ఇద్దరు వంతులేసుకుని తింటారు. వార్డెన్లకు తెలుసు, మెస్సులో వడ్డించే వాళ్ళకు తెలుసు. చూసీ చూడనట్టు మరో గరిటె అన్నం వేస్తారు. పల్లెల నుంచి వచ్చిన ఎందరు పిల్లలు ఆ గరిటె మీద చదువు ముగించారో లెక్క లేదు.

"మొదటి దినమే చెప్పిన వానికి," అన్నాడు రాజలింగం. "చెకింగ్ ఎప్పుడొచ్చినా నా పేరే చెప్పు, కార్డు జేబుల పెట్టుకో, లేకుంటే ఇద్దర్ని బయట పడేస్తరు అని. మెస్సుల రాజలింగం అని పిలిస్తే వాడే చెయ్యెత్తుతుండె. నేను కోచింగ్‌కు పోయి లేటుగ వస్తే, నా పేరు నాకంటె వానికే ఎక్కువ అలవాటయ్యిందని అందరు నవ్వెటోళ్ళు. ఆ దినం పోలీసులు రూముల జొరబడి నీ పేరేందిరా అంటే అలవాటు చొప్పున రాజలింగం అన్నడంట. కార్డు తీసి చూపిచ్చిండంట. దాని మీద ఫోటో నాదా వానిదా తెల్వది, సాంబారు మరకలు పడి."

"మరి తరవాతైనా చెప్పొచ్చు కదా!"

"చెప్తనంటే వకీలు వద్దన్నడు. కుమార్‌కు గూడ కబురు పంపిండు, నోరు తెరవొద్దని. వాడు సరే అన్నడంట."

కమలాదేవి లోపలికి వెళ్ళి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయటికి వచ్చింది. తను ఏం చేసిందో ఇప్పుడు ఒక్కొక్క ముక్కే కనిపిస్తోంది.

పోయిన శనివారం జైలు నుంచి ఒక జవాను ఉత్తరం తెచ్చాడు. రిమాండులో ఉన్న రాజలింగం అనే విద్యార్థికి దీర్ఘరోగం ఏదైనా ఉందా, రోజూ వాడే మందులున్నాయా, మీ దగ్గర ఉన్న వివరాలు తెలపండి అని అందులో ఉంది. ఆమె జవానుకు టీ ఇప్పించింది. రాజలింగం ఫైలు తీసింది. పిల్లలు లోపల ఎన్ని బాధలు పడుతున్నారో, జవాబు ఆలస్యం కాకూడదని పది నిమిషాల్లో రాసి డాక్టరుతో సంతకం పెట్టించింది. దీర్ఘరోగం లేదు. రోజూ వాడే మందులు లేవు. ఆరోగ్యవంతుడు.

"వాడే అడిగుంటాడు," అంది కమలాదేవి నెమ్మదిగా. "లోపలికి వెళ్ళగానే నాకు ఫిట్స్ మాత్రలు కావాలి అని అడిగుంటాడు. నిజమో కాదో కనుక్కుందామని వాళ్ళు మాకు రాశారు. అందుకేగా ఆ ఉత్తరం! నేను లేదని రాశాను. నీ ఫైలు చూసి రాశాను."

"ఫిట్సా?" రాజలింగం తలెత్తాడు. "వానికి ఫిట్సా?"

"నీకు తెలీదా? రెండేళ్ళు ఒకే గదిలో ఉన్నారు!"

"బలం గోలీలు అన్నడు సిస్టర్! రోజు పొద్దున మాపున మింగెటోడు. నాకు గూడ రెండియ్యిరా, సన్నగున్న అని నేను మజాక్ చేస్తుంటి." అతను సారలమ్మ వైపు తిరిగాడు. "తెలిస్తే వకీలు మాట వింటుంటినా?"

"ఆడు చెప్పడు కొడుకా," అంది సారలమ్మ. "ఇంటర్మీడియెట్ల ఒకసారి క్లాసుల పడ్డడు. అప్పటి సంది పోరలు దగ్గర కూసుండకుంటయిన్రు. మల్ల ఎవరికి చెప్పొద్దని నాతోని ఒట్టు ఏయించుకున్నడు."

తొమ్మిది రోజులు. కమలాదేవి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది, లెక్క తప్పయితే బాగుండునని. తప్పలేదు.

*

కబురందుకుని వారాసిగూడ నుంచి వకీలు దానియేలు స్కూటర్ మీద వచ్చేసరికి తొమ్మిదిన్నర. నలభై దాటిన మనిషి. పిల్లల కేసులు పైసా తీసుకోకుండా చూస్తున్నాడు. పిల్లలు అరెస్టయిన నాటి నుంచి అతను ఇంట్లో తిన్న పూటలు తక్కువ. రాజలింగం చెప్పిందంతా విని నల్లకోటు విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఫిట్స్ సంగతి నాకు ఎవ్వరు చెప్పలే మేడమ్. దేవుని తోడు."

"ఇప్పుడు చెప్పాం కదా. పదండి, జైలుకి వెళ్దాం. వాడు కుమార్ అని చెప్దాం. నా దగ్గర వాడి ఫైలుంది, రెండేళ్ళ చీటీలున్నాయి."

"జర ఆగుండ్రి." దానియేలు చెయ్యెత్తాడు. "సోమవారం బెయిలు పిటిషన్ వస్తది. ఇరవై ముగ్గురికి ఒకటే పిటిషన్. ఈయాల మనం పోయి ఒక్క పేరు తప్పంటే, సోమవారం సర్కారు వకీలు లేచి ఏమంటడు? మిగిలిన ఇరవై రెండు పేర్లు అసలైనవని ఏంది గ్యారంటీ అంటడు. అందర్ని వెరిఫై చెయ్యాలె, టైమ్ కావాలె అంటడు. పదిహేను దినాలు, నెల దినాలు పోతది. కుమార్ మీద పేరు మార్చి చెప్పిండని ఇంకో కేసు. గవర్నమెంటు నౌకరి ఆశ వదులుకోవాలె."

"బతికుంటే కదా ఉద్యోగం!"

"నాకు తెల్వదా మేడమ్?" అతను గట్టిగా అన్నాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "రిమాండుల ఉన్నోనికి మందియ్యాలె. అది వాళ్ళ దయ గాదు, హక్కు. గీ క్షణం జడ్జి సాబ్ ముందర అర్జీ పెడ్త. కాని ఏ పేరుతోని పెట్టాలె? రాజలింగానికి రోగం లేదని మీ డిస్పెన్సరీనే రాసిచ్చింది. కుమార్ అనెటోడు జైల్లనే లేడు."

వీధిలో పోలీసు వ్యాన్ ఒకటి నెమ్మదిగా వెళ్ళింది. ఆ చప్పుడు సందు మలుపు తిరిగేదాకా రాజలింగం గోడకు ఆనుకుని ఊపిరి బిగబట్టాడు.

"రాజలింగం పేరు మీదే ఇంకో ఉత్తరం రాస్తాను," అంది కమలాదేవి. "పాత ఉత్తరం పొరపాటు, ఫైలు మారిపోయింది అని. నా ఉద్యోగం పోతే పోనీ."

"నమ్మరు మేడమ్. వారం కింద లేని రోగం ఈయాల ఎక్కడికెల్లి వచ్చిందంటరు. స్టూడెంట్లు బెదిరిచ్చి రాయిచ్చిండ్రంటరు." దానియేలు అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "మూడు దినాలు. శని, ఆదివారం, సోమవారం పొద్దుగాల. అంతే. ఆగుతడా? మీరు నర్సు, మీరు చెప్పుండ్రి."

ఆ ప్రశ్న అడిగినందుకు ఆమె అతన్ని తప్పుపట్టలేకపోయింది. ఇరవై రెండు ఇళ్ళ నుంచి రోజూ అతనికి ఫోన్లు వస్తున్నాయి. వాళ్ళలో ఒకరికి చెయ్యి విరిగింది. ఇద్దరికి వచ్చే నెల పెళ్ళిళ్ళు. ఒకడి తండ్రి మంచం మీద ఉన్నాడు.

సారలమ్మ అంతసేపూ స్తంభానికి ఆనుకుని వింటోంది. ఇప్పుడు వచ్చి కమలాదేవికి ఎదురుగా కూర్చుంది.

"నాకు చెప్పమ్మా. గోలీ లేకుంటె ఏమైతది? ఉన్నదున్నట్టు చెప్పు."

కమలాదేవి ఆమె చెయ్యి పట్టుకుంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో చాలామంది తల్లులకు ఏమీ కాదులెమ్మా అని చెప్పింది. ఈసారి నాలుక తిరగలేదు.

"ఉన్నట్టుండి మాత్రలు ఆపేస్తే ఫిట్స్ మళ్ళీ వస్తాయి. వచ్చి తగ్గితే ఫరవాలేదు. ఒకటి తగ్గకుండానే ఇంకొకటి వస్తే మాత్రం, వెంటనే ఆసుపత్రిలో ఉండాలి. నాటకం అనుకుని పక్కన పడేస్తే..." ఆమె ఆగిపోయింది. "మూడు రోజులు ఆగుతాడో లేదో నేను చెప్పలేను సారలమ్మా. ఎవరూ చెప్పలేరు."

సారలమ్మ తల ఊపింది.

"ఆ ఇరవై రెండు మందికి గూడ తల్లులున్నరు," అంది. "నా కొడుకు కోసం వాళ్ళ కొడుకులు నెల దినాలు లోపట ఉండాలె అంటె నాకు పాపమే. వకీలు సాబ్, వాళ్ళకు నా మాట చెప్పు. నన్ను తిట్టుకోమను. ఊరికి వచ్చి తిట్టమను, పడ్త."

"అమ్మా..."

"ఆనికి పేరు నేను పెట్టిన. అయ్య లేడు ఆనికి. ఏ పంతులు పెట్టలే, నేనే పెట్టుకున్న. గీ తొమ్మిది దినాలు ఆ పేరు లోపటనే దాసుకున్నడు. నేను పోయి చెప్పుకుంట." ఆమె లేచి నిలబడింది.

దానియేలు కోటు తొడుక్కుని బ్యాగులోంచి తెల్లకాగితాలు తీసి కిటికీ అరుగు మీద పెట్టి రాయడం మొదలుపెట్టాడు. "రెండు పేర్లు రాస్త," అన్నాడు తలెత్తకుండా. "రాజలింగం అనబడే కుమార్ అని. నేను సీదా కోర్టుకు పోయి, వెంటనే దవాఖానకు పంపాలని అడుగుత. మీరు జైలుకు పోండ్రి. మేడమ్, ఆ ఫైలు పట్టుకోండ్రి." అప్పుడు రాజలింగం వైపు చూశాడు. "నువ్వు పోతే నిన్ను గూడ లోపటేస్తరేమో. పొమ్మని నేను చెప్ప."

"నేను పోకుంటే నమ్మరు గద సార్?"

"నమ్మరు."

రాజలింగం చేతిరుమాలు తీశాడు. కట్టుకోలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రెండేండ్లు నా అన్నం తిన్నడని గొప్పగ చెప్పుకుంటుంటి చిన్నమ్మా. ఈ తొమ్మిది దినాలు నా జైలు వాడు తిన్నడు. పోదాం పా."

*

డిస్పెన్సరీకి వెళ్ళి ఫైలు తీసుకోవాలంటే క్యాంపస్ గేటు దాటాలి. అక్కడ ముళ్ళకంచె అడ్డం పెట్టి ఉంది. నిన్న పేల్చిన టియర్ గ్యాస్ ఘాటు చెట్ల కింద ఇంకా పోలేదు. కమలాదేవి ఒక్కతే లోపలికి వెళ్ళింది. కుమార్ ఫైలు పల్చగా ఉంది. ప్రతి నెలా మొదటి వారంలో తేదీ, మాత్రల సంఖ్య, అతని గుండ్రటి సంతకం. ఒక్క నెల కూడా తప్పలేదు. ఆమె దాన్ని చీర కొంగులో చుట్టుకుని తిరిగి వచ్చింది. కంచె దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు ఆమెను ఏమీ అడగలేదు. ముళ్ళు చీరకు తగలకుండా తీగను లాఠీతో ఎత్తి పట్టుకున్నాడు.

ముగ్గురూ ఎక్కిన ఆటో అంబర్‌పేట్ మీదుగా వెళ్ళింది. దుకాణాలు సగం తలుపులు వేసుకుని ఉన్నాయి. సారలమ్మ పెదవులు కదులుతున్నాయి. కమలాదేవి దగ్గరగా వంగి విన్నది. కిటికీ దగ్గర చెప్పాల్సిన మాటలు ఆమె వల్లె వేసుకుంటోంది.

జైలు గేటు ముందు, ఖైదీలను చూసే ములాఖత్‌కు వచ్చినవాళ్ళు వరసలో ఉన్నారు. టిఫిన్ డబ్బాలు, బట్టల మూటలు. వరస కదిలేసరికి పన్నెండు దాటింది. కిటికీ వెనక నిన్నటి మనిషే ఉన్నాడు. హెడ్ వార్డరు సత్తయ్య, తెల్ల మీసాలు, ముందు పెద్ద రిజిస్టరు.

"మల్ల వచ్చినవా అమ్మా? నిన్ననే చెప్పిన గద. ఆ పేరుతోని గీడ ఎవ్వరు లేరు. పో, ఎండల నిలబడకు."

సారలమ్మ రెండు చేతులతో కిటికీ చువ్వలు పట్టుకుంది.

"రాజలింగం అని రాసుకున్నరు గద సారూ, యూనివర్సిటీ పిలగాడు. ఆడు రాజలింగం గాడు. నా కొడుకు. ఆని పేరు కుమార్. ఆనికి మూర్ఛ రోగం ఉన్నది. గోలీలు తెచ్చిన."

"రాజలింగం నేను," అన్నాడు వెనక నుంచి రాజలింగం. కాలేజీ గుర్తింపు కార్డు చువ్వల మధ్య నుంచి లోపలికి పెట్టాడు. "ఇగో సార్. నన్ను పట్టుకోండ్రి. వాన్ని మాత్రం దవాఖానకు పంపుండ్రి."

సత్తయ్య అరుస్తాడని కమలాదేవి అనుకుంది. అరవలేదు. కార్డు తీసుకుని ఫోటో చూశాడు, రాజలింగం ముఖం చూశాడు. పెన్ను కింద పెట్టాడు.

"పేరు మల్ల చెప్పమ్మా."

"కుమార్."

సత్తయ్య చువ్వలకు దగ్గరగా వంగాడు. "మొన్న సాయంత్రం సంది పడుతున్నడు. పడ్డప్పుడల్లా, తెలివొచ్చే ముందర, కుమార్ కుమార్ అంటడు. దోస్తును పిలుస్తున్నడనుకున్నం. నీ పేరేందిరా అంటె, తెలివొచ్చినంక రాజలింగం అంటడు." అతను సారలమ్మ కళ్ళలోకి చూడలేకపోయాడు. "నిన్న నువ్వు వచ్చి అదే పేరు అడిగితివి. నాకు వెలగలే తల్లీ."

"డాక్టరు చూశారా?" అంది కమలాదేవి. "మందేమైనా ఇచ్చారా?"

"నాటకమన్నరు. బయట నుంచి కాయితం వచ్చింది, వీనికి ఏ రోగం లేదని. నేను మాత్రం పడ్డప్పుడు నా తాళాల గుత్తి తీసి చేతిల పెట్టిన. ఇనుము పట్టుకుంటె తగ్గుతదంటరు గద మన దిక్కు. గట్టిగ పట్టుకున్నడు. వేళ్ళు విప్పనీకి చానసేపు పట్టింది."

"ఆ కాగితం రాసింది నేనే," అంది కమలాదేవి. "ఇప్పుడు ఎలా ఉన్నాడు? ఈ పొద్దున ఎలా ఉన్నాడు?"

సత్తయ్య రిజిస్టరు మూశాడు. కిటికీ దగ్గర నుంచి లేచి, పెద్ద గేటులోని చిన్న తలుపు తెరుచుకుని బయటికి వచ్చాడు. అతని చేతిలో తన కుర్చీయే ఉంది. దాన్ని గోడ నీడలో వేసి, సారలమ్మ భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. వరసలో ఉన్న ఒక ముసలామె అది చూసి, తన మూట దించుకుని, ఎందుకో కళ్ళు తుడుచుకుంది. ములాఖత్‌కు వచ్చిన మనిషికి అక్కడ ఎవరైనా కుర్చీ వేయడం ఆమె అంతవరకు చూడలేదు.

"కూసో తల్లీ," అన్నాడు సత్తయ్య. "నేను లోపటికి పోయి సూపర్నెంటు సాబ్‌ను తీస్కొస్త. అప్పటిదాంక ఎవరేమన్నా నువ్వు లేవకు."